నాలుగో షైనీ

సోమవారం పొద్దున కుప్పం నుంచి ఫోను వచ్చిందంటే అది మంచి కబురు కాదని రూతుకు అనుభవమే. ఆదివారమంతా మూతపడి ఉన్న కంప్యూటర్లు సోమవారం తెరిచేసరికి కొత్త పెళ్లికొడుకుల్లా అలుగుతాయి. టిఫిన్ డబ్బా మూత తీయకముందే ఆ అలకలన్నీ ఆమె నెత్తి మీదికే వస్తాయి.

“మేడం, నేను సుష్మని. టీబీ టేబుల్ తెరుసుకోవడం ల్యా. మీకు అనుమతి లేదంటాండాది. ఇంతకుముందు దాకా బాగనే ఉండె గదా. నేనేం పాపం సేసినానని?” అంది కుప్పం నర్సు. ఆమె వెనకాల రోగులు దగ్గుతున్న చప్పుడు ఫోనులో వినిపిస్తూనే ఉంది.

షాలేము మిషన్ ఆసుపత్రికి మదనపల్లెలో పెద్ద కట్టడం, పుంగనూరులోనూ కుప్పంలోనూ చిన్న శాఖలు ఉన్నాయి. మూడుచోట్ల రోగుల వివరాలూ మదనపల్లెలో ఒకే డేటాబేస్‌లో ఉంటాయి. పేర్లు ఒక టేబుల్‌లో, అంటే పట్టికలో, మందులు మరో టేబుల్‌లో, క్షయ రోగుల సంగతులు ఇంకో టేబుల్‌లో. ఏ టేబుల్‌ను ఎవరు చూడొచ్చో, ఎవరు చూడకూడదో తేల్చి తాళాలు వేసేదీ తీసేదీ ఇద్దరే. ఒకరు రూతు, రెండోవారు ఆమె పై అధికారి క్రిస్టోఫర్. మూడో మనిషికి ఆ అధికారం లేదు. ఇది గుర్తుంచుకుంటే, ఆ పొద్దు రూతు మనసులోకి అనుమానం ఏ సందులోంచి దూరిందో ఇట్టే తెలిసిపోతుంది.

ఆమె పద్ధతిగానే వెదికింది. సుష్మ లాగిన్ బతికే ఉంది, పాస్‌వర్డ్ సరిగానే ఉంది. కుప్పం నర్సుల గుంపులో ఆమె పేరు ఉంది. ఆ గుంపుకు పేర్ల టేబుల్ చూసే హక్కు ఉంది, మందుల టేబుల్ చూసే హక్కూ ఉంది. టీబీ టేబుల్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏమీ లేదు. ఇచ్చిన హక్కు గాలికి ఊడిపోదు. ఎవరో తీసేయాలి. తనైతే తీయలేదు.

క్రిస్టోఫర్ పక్క బల్ల దగ్గరే కూర్చుని ఉన్నాడు. యాభై దాటిన మనిషి. చర్చి గుడిలో పాటలకు లోతైన అడుగు గొంతు, బేస్, ఆయనదే. మామూలుగా రూతు ఏదైనా అడిగితే కుర్చీ తిప్పుకొని కూర్చుని, అడగనిది కూడా చెప్పేవాడు.

“సార్, కుప్పం వాళ్లకు టీబీ టేబుల్ పోయినట్టుండాది. మీరేమన్నా సేసినారా?”

ఆయన తల ఎత్తలేదు. “నేనే తీసినానమ్మా. రొంత అట్లే ఉండనీ. మాత్రల సంగతి కాగితం మీద రాసుకోమని సెప్పు.”

“యాల సార్?”

“నేను సూసుకుంటాలే.”

రూతు లేచి ఆయన వైపు నాలుగడుగులు వేసిందో లేదో, ఆయన స్క్రీను మీద తెరిచినదాన్ని చటుక్కున మూసేశాడు. ఆరేళ్లుగా కలిసి పనిచేస్తున్నారు. ఆయన ఆమె ముందు స్క్రీను మూయడం అదే మొదటిసారి. రూతుకు ఒళ్లు మండింది.

ఆ మంటకు పాత నిప్పు ఒకటి తోడైంది. రూతు పిన్ని లిల్లీది పుంగనూరు. ఆమె కొడుకు ప్రకాష్ బాబుకు తన చెల్లెలి కూతుర్ని ఇవ్వాలని క్రిస్టోఫర్ కిందటేడు గట్టిగా ప్రయత్నించాడు. పిన్ని పిల్లను చూసి, కాఫీ తాగి, ఇంటికొచ్చాక రంగు తక్కువని కబురు పంపింది. ఆ మాటను క్రిస్టోఫర్ ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తలేదు కాబట్టే లోపల ఎక్కడో దాచుకున్నాడని రూతుకు అనిపించేది.

ఇప్పుడు ప్రకాష్ బాబుకు కుప్పం పిల్ల కుదిరింది. పేరు షైనీ, బడిలో లెక్కలు చెబుతుంది. నిన్ననే పుంగనూరు గుడిలో మొదటి పెండ్లి ప్రకటన చదివారు. అక్కడ పెండ్లికి ముందు మూడు ఆదివారాలు వధూవరుల పేర్లు గుడిలో చదువుతారు. ఈ పెండ్లికి న్యాయమైన అడ్డంకి ఎవరికైనా తెలిస్తే చెప్పమని పాస్టరు అయ్యగారు అడిగి కొంచెంసేపు ఆగుతారు. ఆ కొంచెంసేపూ పెండ్లివారి ప్రాణాలు గొంతులో ఉంటాయి. రూతుకు షైనీ అంటే వల్లమాలిన ఇష్టం. నిశ్చితార్థం నాడు పిన్ని వండిన పప్పును అందరూ ఆహా ఓహో అంటూ మింగుతుంటే, “ఉప్పు మర్సిపోయినారత్తా” అని నవ్వుతూ చెప్పిన పిల్ల అది.

క్రిస్టోఫర్ టీకి వెళ్లగానే రూతు లాగ్ తెరిచింది. ఎవరు ఏ టేబుల్ తెరిచారో, ఏం మార్చారో డేటాబేస్ తనంతట తాను రాసుకునే చిట్టా అది. అడిగినదానికి అడిగినంతే జవాబు చెబుతుంది. రూతు అడిగింది ఒక్క పేరు గురించే. క్రిస్టోఫర్ ఏం చేశాడో చూపించు అంది.

చూపించింది. పొద్దున ఆయన టీబీ టేబుల్‌లో ఒకే ఒక్క రోగి వరస తెరిచాడు. ఆ వెంటనే కుప్పం నర్సుల హక్కు తీసేశాడు. ఆ వరస ఎవరిదా అని రూతు కూడా తెరిచింది. షైనీ, కుప్పం, తండ్రి పేరు కూడా ఆ పిల్లదే. ఊపిరితిత్తుల క్షయ. ఆరు నెలలు మాత్రలు. చికిత్స పూర్తయింది, నయమైంది. అంతా అయిదేళ్ల నాటి మాట.

ఆమెకు భయమేసింది. జబ్బును చూసి కాదు, నయమైన జబ్బును చూసి భయపడేంత అమాయకురాలు కాదు. నిన్న ప్రకటన చదివితే నేడు ఈ పెద్దమనిషి ఆ పిల్ల జబ్బు వెదుకుతున్నాడు. తాను చూసి, ఇంకొకరు చూడకుండా తలుపు వేసుకున్నాడు. వచ్చే ఆదివారం అయ్యగారు అడ్డంకి ఉందా అని అడిగేసరికి ఈ సంగతి పుంగనూరు చేరుతుంది. రంగు తక్కువన్న మాటకు బదులు తీరుతుంది. రూతుకు అంతా అద్దంలో కనిపించినంత స్పష్టంగా కనిపించింది. అనుమానానికి ఉన్న సుఖమే అది, ఎక్కడా ఖాళీ ఉండదు.

మంగళవారం సుష్మ మళ్లీ ఫోను చేసింది. “డాక్టరుగారు అరుస్తాండాడు మేడం. ఎవురికి ఎన్నో నెల మాత్రలో తెలిసేదెట్ల?” ఆమె పక్కన ఇంకో ఆడగొంతు, “తెరుసుకున్యాదా లేదా అడుగు” అంటోంది.

“ఎవురది?”

“మన పూలమ్మక్క మేడం. పొద్దున నేను పేర్లు సదివితే ఆయమ్మ ఒగొగరికీ ప్రార్థన సేస్తాది గదా.”

పూలమ్మ కుప్పం ఆసుపత్రిలో బైబిల్ స్త్రీ. మంచాల మధ్య తిరుగుతూ రోగులకు వాక్యం చెప్పి ప్రార్థన చేయడం ఆమె ఉద్యోగం. టీబీ రోగులు రోజూ వచ్చి మాత్రలు మింగి వెళ్లిపోయేవాళ్లు కాబట్టి, నర్సు స్క్రీను చూసి పేర్లు చదివితే ఆమె పక్కన నిలబడి కండ్లు మూసుకుంటుంది. ఆ ఆసుపత్రిలో అది మూడేళ్లుగా ఉన్న అలవాటు. అందులో తప్పేముందని ఎవరూ అనుకోలేదు, రూతు కూడా అనుకోలేదు.

రూతు హక్కు ఇచ్చింది. “ఇప్పుడు సూడు.”

“ల్యా మేడం. అదే మాట అంటాండాది.”

మళ్లీ ఇచ్చింది. మళ్లీ అదే. అప్పుడు లోపలికి పోయి చూస్తే అసలు సంగతి బయటపడింది. క్రిస్టోఫర్ నిన్న హక్కు తీసేసి ఊరుకోలేదు, సాయంత్రం దాని మీద నిషేధం కూడా పెట్టి పోయాడు. హక్కు ఇవ్వకపోవడం వేరు, నిషేధించడం వేరు. నిషేధం ఉన్నంతకాలం ఎన్నిసార్లు హక్కు ఇచ్చినా చెల్లదు. పొరపాటున ఎవరూ నిషేధం పెట్టరు. పనిగట్టుకొని పెట్టాల్సిందే.

రూతు నేరుగా సూపరింటెండెంట్ సొలొమోను గదికి పోయింది. సొలొమోనుకు టేబుల్ అంటే నాలుగు కాళ్లదే తెలుసు. కానీ కిందటేడు తప్పిపోయిన సంబంధం సంగతి ఆయనకూ తెలుసు, అది అర్థం కావడానికి కంప్యూటర్ అక్కర్లేదు. ఆయన క్రిస్టోఫర్‌ను పిలిపించాడు.

“కుప్పం పిల్ల రికార్డు మీరు తెరిసింది నిజమేనా?”

“నిజమే సార్. యాలనో మీకు ఒంటిగా సెప్తా. ఈయమ్మ ముందర సెప్పను.”

రూతు ముఖం ఎర్రబడింది. “నా ముందర సెప్పలేని పని యాల సేయల్ల?”

సొలొమోనుకు అవతల చిత్తూరు మీటింగుకు కారు సిద్ధంగా ఉంది. ఫైలు చంకలో పెట్టుకొని నిలబడే తీర్పు చెప్పాడు. శుక్రవారం తాను తిరిగి వచ్చేదాకా తాళాలన్నీ రూతు దగ్గరే ఉండాలి. క్రిస్టోఫర్ వాటిని ముట్టకూడదు. క్రిస్టోఫర్ ఏదో చెప్పడానికి కారు దాకా వెంటపడ్డాడు గానీ కారు ఆగలేదు. తిరిగి వచ్చి రూతును అదోలా చూశాడు. దొరికిపోయినవాడి చూపు అనుకుంది రూతు. చూపులు కూడా మనం చదువుకున్నట్టే ఉంటాయి.

ఆమె నిషేధం ఎత్తేసింది. కుప్పంలో సుష్మ సంబరపడిపోయింది. “తెరుసుకున్యాది మేడం! స్తోత్రం!” పక్కన పూలమ్మ కూడా స్తోత్రం అంది. ఆ రాత్రి రూతు హాయిగా నిద్రపోయింది.

గురువారం సాయంత్రం పుంగనూరులో పిన్ని ఇంట్లో గుడి ఆడవాళ్ల సంఘమైన స్త్రీల మైత్రి ప్రార్థన పెట్టుకున్నారు. మదనపల్లె నుంచి బస్సులో, టమోటా లారీల వెనక నత్తనడకన పోయినా, రూతు మొదటి పాటకల్లా చేరుకుంది. హాల్లో చాపల నిండా ఆడవాళ్లు. వాళ్ల మధ్య తెల్ల చీరలో పూలమ్మ. ఆమె పుట్టిల్లు పుంగనూరే, పిన్నికి చిన్ననాటి నేస్తం. కుప్పం నుంచి ప్రార్థనకే వచ్చిందట.

పాట అయింది, వాక్యం అయింది. పిన్ని కొంగు సవరించుకొని, “మా ఇంట్లో జరగబోయే శుభకార్యం కోసరం ప్రార్థన సెయ్యి పూలమ్మా” అంది. అందరూ తలలు వంచారు. రూతూ వంచింది.

పూలమ్మ గొంతు మెల్లగా మొదలై మెల్లగానే పైకి లేచింది. “ప్రభువా, ఈ ఇంటికి కోడలుగా రాబోయే నీ బిడ్డ షైనీని జ్ఞాపకం సేసుకో తండ్రీ. ఆరు నెలలు మాత్రలు మింగిన ఆ బిడ్డ ఊపిరితిత్తుల్ని నీ సేత్తో ముట్టు. ఆ పాత క్షయ తిరిగి తల ఎత్తకుండా, ఈ ఇంటి వంశానికి అంటకుండా, నీ రక్తంతో కడుగు తండ్రీ…”

మామూలుగా ప్రతి వాక్యానికీ ఆమెన్ అనే గొంతులు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఎవరో అయ్యో అన్నారు. రూతు కండ్లు తెరిచింది. చాపల మీద చాలామంది కండ్లు అప్పటికే తెరుచుకొని ఉన్నాయి, అన్నీ పిన్ని వైపే చూస్తున్నాయి. పిన్ని మాత్రం కండ్లు గట్టిగా మూసుకొని కన్నీళ్లు పెట్టుకుంటోంది. ఆమెన్ అనీ అనకముందే పక్కింటావిడ అడిగేసింది. “లిల్లమ్మా, అది పిలకాయలకు కూడా వస్తాదంటనే? నిజమేనా?”

రూతు పూలమ్మ చెయ్యి పట్టుకొని వంటింట్లోకి లాక్కుపోయింది. “ఈ సంగతి నీకెట్ల తెలిసె?” అని అడిగింది గానీ, ఆరు నెలలు అన్న మాట విన్నప్పుడే అది ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకు తెలిసిపోయింది.

పూలమ్మ దాచిపెట్టలేదు. దాచాల్సిన పని చేశానని ఆమెకు తోస్తే కదా. “ఆదివారం మీ పిన్ని ఫోను సేసి, ఆ పిల్ల కోసరం ప్రార్థన సెయ్యి పూలమ్మా, ముందు ఏమన్నా జబ్బుండెనేమో సూసి సెయ్యి అనింది. సోమవారం సుష్మను అడిగితి. పేరు కొడితే షైనీలు వరసగా వచ్చిరి. ముగ్గుర్ని సూస్తిమి, వాళ్లు కారు. నాలుగో షైనీ కాడికి పోయేలోగా మూసుకుపాయ. సాతాను అడ్డం పడినాడనుకుంటి. మంగళవారం నువ్వే గదమ్మా తెరిసింది? దేవుడే నీ సేత తలుపు తీయించినాడు.”

రూతు పూలమ్మ చెయ్యి వదిలేసింది. హాల్లో గుసగుసలు పెరిగాయి. బయటికి పోయి, అది ఎప్పుడో నయమైపోయిందని గట్టిగా చెప్పాలనిపించింది. చెబితే అది నీకెట్ల తెలుసు అంటారు. తెలిసిన దారి ఒక్కటే, ఆ దారి గురించి చెప్పే హక్కు తనకు లేదు. చివరికి పిన్నితో, “ఆ సంగతి మనది కాదు పిన్నీ” అని మాత్రం అనగలిగింది.

“నా కొడుకు పెండ్లి నాది గాక ఎవురిది?” అంది పిన్ని ముక్కు తుడుచుకుంటూ. “నేను వద్దంటినా? ప్రార్థన సేయిస్తాండా, అంతే గదా.”

శుక్రవారం పొద్దున రూతు అందరికంటే ముందు వచ్చి లాగ్ తెరిచింది. ఈసారి ఎవరి పేరూ పెట్టకుండా, అంతా చూపించు అంది. అంతా వచ్చింది. సోమవారం కుప్పం నర్సు లాగిన్ నుంచి ఒక షైనీ, ఇంకో షైనీ, మూడో షైనీ. తర్వాత క్రిస్టోఫర్ తెరిచిన వరస, ఆయన తీసేసిన హక్కు. ఆ వరసనే తెరిచిన రూతు. సాయంత్రం నిషేధం. మంగళవారం రూతు ఇచ్చిన హక్కు, ఎత్తేసిన నిషేధం. దాని కిందనే, మధ్యలో ఇంకేమీ లేకుండా, నాలుగో షైనీ.

క్రిస్టోఫర్ ఎప్పుడు వచ్చి వెనక నిలబడ్డాడో తెలియదు.

“సోమవారం పొద్దున లాగ్ సూస్తాంటే కనపడిందమ్మా,” అన్నాడు. “ముందు రోజు ప్రకటన, ఆ పొద్దు షైనీ అనే పేరున్నోళ్లను ఒగరెనక ఒగర్ని తెరుస్తాండారు. నాకు బయమేసింది. ఆ పిల్ల దాంట్లో ఉండాదో లేదో సూస్తి. ఉండాది. అందుకే మూస్తి.”

“నాకు ఒక్క మాట సెప్పుంటే, సార్…”

“పెండ్లికొడుక్కి అక్కవు నువ్వు. ఎతకమని సెప్పిందే నువ్వేమో అనుకుంటి. సాయంత్రం నువ్వూ ఆ వరస తెరిసింది సూసి నిషేధం పెడితి. నువ్వు మళ్లీ మళ్లీ తెరవాలని సూస్తాంటే అది నిజమేననుకుంటి. మా పిల్లను వద్దన్నప్పుడు మా చెల్లెలు ఎట్ల ఏడిసిందో నేను సూసినా. ఇంగో ఇంట్లో అట్ల జరగకూడదనుకుంటి.”

రూతు బల్ల మీద తల పెట్టుకొని ఏడ్చింది. ఆరేళ్లు పక్కన కూర్చున్న మనిషిని ఒక్క పూటలో దొంగను చేసింది. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కొని కూర్చున్నాడు గానీ, పరవాలేదని మాత్రం అనలేదు. మధ్యాహ్నం సొలొమోను రాగానే ఇద్దరూ కలిసి వెళ్లి జరిగిందంతా చెప్పారు. తాళాలు మళ్లీ ఇద్దరి చేతికీ వచ్చాయి. పేర్లు చదివే అలవాటు ఆ రోజుతో ఆగిపోయింది. కానీ పుంగనూరులో ఆడవాళ్లు విన్నదాన్ని వెనక్కి లాగే ఆదేశం ఏ డేటాబేస్‌లోనూ లేదు.

శనివారం రూతు కుప్పం బస్సెక్కింది. పలమనేరు దాటినదగ్గర్నుంచీ షైనీతో ఏం చెప్పాలో కూడబలుక్కుంటూనే ఉంది. ఒంటిపూట బడి. షైనీ గేటు దగ్గరే కనిపించి, రూతును చూసి ఆశ్చర్యపోలేదు. రోడ్డవతల టీకొట్టు బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు.

“అంతా తెలుసక్కా. నిన్న ప్రకాష్ సెప్పినాడు,” అంది.

“వాడేమంటాండాడు?”

“వానికి నేను మొదటి పొద్దే సెప్పుండా. ఎక్స్‌రే కూడా సూపిచ్చినా. నాకు సిన్నప్పుడు టైఫాయిడ్ వచ్చె, దానికేమిప్పుడు అన్యాడు.” షైనీ నవ్వింది. రూతు రెండు రోజుల తర్వాత ఊపిరి పూర్తిగా పీల్చుకుంది.

“ఇంగేం మరి! పెండ్లికి అడ్డమేముండాది? పిన్నికి నేను నచ్చజెప్తా.”

“మీ పిన్నిని ఏమీ అనొద్దక్కా. ఆయమ్మ కూడా ఫోను సేసింది. వద్దనలేదు. నీ కోసరం దినామూ ప్రార్థన సేస్తామమ్మా, నువ్వేం బయపడొద్దు అనింది.” షైనీ చేతిలోని టీ గ్లాసును బెంచీ మీద పెట్టింది. “రేపు రెండో ప్రకటన సదవొద్దని అయ్యగారికి నేనే ఫోను సేసి సెప్పినా.”

రూతు అదిరిపడింది. “యాల షైనీ?”

“ఆర్నెల్లు మాత్రలు మింగినప్పుడు నన్ను సూసింది డాక్టరు, అప్పటి నర్సక్క, మా అమ్మ. వాళ్ల ముందర నాకు సిగ్గనిపించలే. మీ ఇంట్లో నేను ఒక్కసారి దగ్గితే పదిమంది మోకాళ్ల మీద కూసుంటారు. బిడ్డ పుట్టినా ప్రార్థనే, బిడ్డకు జలుబు సేసినా ప్రార్థనే. కండ్లు మూసుకొని నా పేరెత్తతానే ఉంటారు. జబ్బంటే నాకు బయం ల్యా అక్కా. అదంటే బయం.”

“ప్రకాష్?”

“పలమనేరులో వేరే ఇల్లు తీసుకుందామంటాండాడు. సూద్దామన్నా. ఇప్పుడైతే వద్దన్నా.” ఆమె టీ గ్లాసును పక్కకు జరిపింది. “ఒగటి అడుగుతా. నా వరస ఎవురెవురు తెరిసినారో మీకు తెలుస్తాది గదా?”

“తెలుస్తాది.”

“ఎవురు?”

“క్రిస్టోఫర్ సార్, కుప్పంలో పూలమ్మ కోసరం సుష్మ…” రూతు ఆగింది. “వాళ్ల నడుమ నేను.”

షైనీ ఆమె ముఖంలోకి చూసింది. “నువ్వు యాల తెరిసినావక్కా?”

నీ మంచికే అన్న మాట రూతు నాలుక చివరిదాకా వచ్చింది. బస్సులో అంతసేపు కూడబలుక్కున్నది ఆ మాటనే.

“నిన్నడగకుండా తెరిసినా,” అంది.

షైనీ తలూపింది. మదనపల్లె బస్సు కదలబోతోందని, అది పోతే మళ్లీ చాలాసేపు లేదని చెప్పింది. రూతు లేచి నిలబడింది. షైనీ బెంచీ మీదనుంచి లేవలేదు.